నలభై పలకలు, మూడు ప్రశ్నలు

(కావలిలో హైస్కూలు ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

"నిన్న చెప్పింది గుర్తుందా?" అని క్లాసులో అడగండి. నలభై గొంతులు ఒక్కసారే "ఉంది సార్" అంటాయి. మనం ఆ మాట నమ్మి కొత్త పాఠం మొదలుపెడతాం. నిజానికి ముందు బెంచీల్లో ఆరేడుగురు అంటారు, మిగతావాళ్లు వంత పాడతారు. వెనక బెంచీలో ఉన్న పిల్లవాడి తలలో ఏముందో ఆ కేక వల్ల మనకు తెలిసింది సున్న. యూనిట్ టెస్టు పేపర్లు దిద్దేటప్పుడు తెలుస్తుంది. అప్పటికి ఆ పాఠం దాటి నెల అయిపోయి ఉంటుంది.

మెదడు ఎలా నేర్చుకుంటుందో తెలుసుకుని దాని ప్రకారం చెప్పడం గురించి మాట్లాడమన్నారు. ఈ పేరుతో చాలా సరుకు అమ్ముడుపోతోంది. అందులో పనికొచ్చేది ఎంత, పనికిరానిది ఎంత అన్నది కూడా చెబుతాను. కానీ ఈ గంటలో ఒక్క విషయం మీ మనసులో నిలిస్తే చాలు. పిల్లవాడు పాఠం విన్నప్పటికంటే, పుస్తకం మూసి తన తలలోంచి దాన్ని బయటికి లాగినప్పుడు ఎక్కువ నేర్చుకుంటాడు. మన వీధిబడుల్లో దీనికి ఒక మాట ఉండేది, ఒప్పజెప్పడం. అవధానాల్లో దీన్నే ధారణ అంటారు. అవధాని పద్యాన్ని పాదం పాదంగా, మధ్యలో ప్రశ్నలడిగే వేరే పృచ్ఛకుల దగ్గరికి వెళ్లొస్తూ కడతాడు. చివర్లో కాగితం లేకుండా మొత్తం అప్పజెబుతాడు. మధ్యలో ఎడం ఇచ్చి, మళ్లీ తలలోంచి తీయడం అక్కడుంది.

ఒప్పజెప్పడాన్ని మనం ఎందుకు వదిలేశామంటే దాంట్లో రెండు లోపాలున్నాయి. ఒకటి, అర్థం తెలియకపోయినా ఒప్పజెప్పొచ్చు. రెండు, ఒకడు ఒప్పజెబుతుంటే ముప్పై తొమ్మిది మంది ఖాళీగా కూర్చుంటారు. ఈ రెండు లోపాలూ తీసేస్తే అది బంగారం లాంటి పద్ధతి. ఎలా తీసేయాలో చూద్దాం.

ముందుగా దీనికి ఆధారం. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. అందరూ ఒక చిన్న వ్యాసం చదివారు. తర్వాత సగం సందర్భాల్లో దాన్నే మళ్లీ చదివించారు. మిగతా సగంలో, చదివింది గుర్తున్నంత వరకు ఖాళీ కాగితం మీద రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, 81 శాతం. రాసినవాళ్లకు 75. వారం తర్వాత పెట్టిన పరీక్షలో తారుమారైంది. మళ్లీ చదివినవాళ్లకు 42, గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 56. మనకు పనికొచ్చే సంగతి ఈ తారుమారులోనే ఉంది. మళ్లీ చదివినప్పుడు పిల్లవాడికి "నాకు వచ్చేసింది" అనిపిస్తుంది, ఐదు నిమిషాల పరీక్ష కూడా అదే నిజమంటుంది. అందుకే పిల్లలకే కాదు, మనకు కూడా పదిసార్లు చదివించడం మంచిదనే నమ్మకం పోదు. "నాకొచ్చు సార్, నోటికి రావట్లా" అనే పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. చదివినప్పుడు గుర్తుపట్టడం వేరు, పుస్తకం లేకుండా తెచ్చుకోవడం వేరు. వాళ్లు మొదటిదే సాధన చేశారు, మనం రెండోది అడుగుతున్నాం.

ఇక పలక సంగతి. పలకలు తయారుచేసే మార్కాపురం మనకు మరీ దూరమేం కాదు. ఒకటో తరగతి దాటగానే పలక అటక ఎక్కుతుంది. పదో తరగతి దాకా దాన్ని అటక ఎక్కించొద్దని నా మనవి. పలక దొరక్కపోతే మందపాటి ప్లాస్టిక్ కవర్లో తెల్ల కాగితం పెట్టి బోర్డు మార్కరు ఇవ్వండి, అదే పని చేస్తుంది.

పీరియడ్ మొదటి ఐదు నిమిషాలు మూడు ప్రశ్నలు. ఒకటి నిన్నటి పాఠం నుంచి, ఒకటి పోయిన వారం నుంచి, ఒకటి పోయిన నెల నుంచి. మూడింటికీ జవాబు ఒక మాటలోనో, ఒక అంకెలోనో, చిన్న బొమ్మలోనో రావాలి. ప్రశ్న ఒకసారి స్పష్టంగా చదవండి. పది సెకన్లు బలపం ముట్టుకోవద్దనండి. తర్వాత రాయమనండి. రాసినవాళ్లు పలకను గుండెకు ఆనించి బోర్లా పట్టుకోవాలి. అందరూ అయ్యాక "చూపించండి" అంటే నలభై పలకలు ఒక్కసారే లేవాలి. ఎడమ వరుస నుంచి కుడి వరుస దాకా ఒక చూపు చూడటానికి మీకు ఇరవై సెకన్లు పడుతుంది. పాత పద్ధతిలో ఐదుగురిని లేపి అడిగితే ఐదు జవాబులు వచ్చేవి. ఇక్కడ ఐదు నిమిషాల్లో నూట ఇరవై జవాబులు వచ్చాయి. అంతకంటే ముఖ్యం, నలభై మందీ తలలోంచి తీశారు.

మొదటి వారం ఇది గందరగోళంగా ఉంటుంది. ఎక్కడెక్కడ చెడుతుందో ముందే చెబుతాను. పక్కవాడి పలక చూసి రాయడం మొదటిది. పది సెకన్ల నిశ్శబ్దం పాటించకపోతే, బోర్లా పట్టించకపోతే అది ఖాయం. చిన్న అక్షరాలు రాయడం రెండోది. జవాబు ఒక్క మాట దాటితే వెనక బెంచీ పలక మీకు కనిపించదు, కాబట్టి లోపం ప్రశ్నలో ఉంది. పలకలు పంచడానికి, తుడవడానికి నాలుగు నిమిషాలు పోవడం మూడోది. బెంచీకి ఒక తడిగుడ్డ, పలకలు బెంచీ కింద అరలోనే ఉండాలి, పంపకం అనే పనే ఉండకూడదు. నాలుగోది అన్నిటికంటే పెద్దది. తప్పు రాసినవాణ్ణి చూసి మీరు మొహం చిట్లించినా, పక్క పిల్లలు నవ్వినా, రేపటి నుంచి వాడు ముందు పక్కవాడి పలక చూస్తాడు, తర్వాతే రాస్తాడు. ఈ మూడు ప్రశ్నలకు మార్కులు వేయకండి. రిజిస్టరులో ఎక్కించకండి. మార్కులు పెట్టిన క్షణం నుంచి పిల్లలు మీకు తెలియాల్సింది దాచిపెడతారు.

చూపించాక ఏం చేయాలి? హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి తన క్లాసులో ఒక లెక్క పాటిస్తున్నారు, మనకూ అది సరిపోతుంది. సరైన జవాబు 70 శాతానికి మించితే, అంటే నలభైలో ఇరవై ఎనిమిది దాటితే, ఒక వాక్యంలో వివరించి ముందుకు పోవచ్చు. 30 శాతం కంటే తక్కువైతే, అంటే పన్నెండు మంది కూడా రాయలేకపోతే, పాఠం అందలేదు. మళ్లీ, ఇంకో దారిలో చెప్పాలి. ఈ రెంటికీ మధ్యలో ఉంటే మీరు నోరు తెరవొద్దు. "మీ పక్కన వేరే జవాబు రాసినవాళ్లెవరో చూసుకుని, ఎందుకో చెప్పుకోండి, రెండు నిమిషాలు" అనండి. మళ్లీ తుడిచి మళ్లీ రాయించండి. నిన్ననే అర్థమైన పిల్లవాడికి ఆ విషయం ఎక్కడ తట్టుకుంటుందో ఇంకా గుర్తుంటుంది. మనకు అర్థమై ఇరవై ఏళ్లయింది, ఎక్కడ తట్టుకున్నామో మర్చిపోయాం.

ప్రశ్న తయారు చేయడమే అసలు పని. ఏడో తరగతి లెక్క ఒకటి తీసుకుందాం. 3ఎక్స్ = 15, ఎక్స్ ఎంత? పలకల మీద నాలుగు రకాల జవాబులు వస్తాయి. 5 రాసినవాడు సరే. 12 రాసినవాడు పదిహేనులోంచి మూడు తీసేశాడు. 45 రాసినవాడు గుణించాడు. 18 రాసినవాడు కలిపాడు. తప్పులన్నీ ఒకటి కాదు. 12 రాసినవాడు అజాగ్రత్త వల్ల రాయలేదు, మనం నేర్పిన సూత్రాన్ని పాటించే రాశాడు. "అటువైపు పోతే గుర్తు మారుతుంది" అని మనమే చెప్పాం. 3ఎక్స్ + 5 = 20లో 5 అటుపోయి మైనస్ అయింది, 3ఎక్స్ = 15 వచ్చింది. ఇప్పుడు మూడు కూడా అటుపోయింది, గుర్తు లేకపోతే ప్లస్ అని కూడా మనమే చెప్పాం, కాబట్టి మైనస్ మూడు. వాడి లెక్కలో వాడు నిజాయితీగా ఉన్నాడు. వాణ్ణి "బుద్ధి ఎక్కడ పెట్టావ్" అంటే వాడికి ఏమీ అర్థం కాదు.

ఇక్కడ గుర్తు మార్చే సూత్రం పక్కన పెట్టి సంతలో కూరగాయల త్రాసు గుర్తుచేయండి. ఎడమ తట్టలో మూడు ఒకేలాంటి సంచులు, ఐదు కిలోల రాయి. కుడి తట్టలో ఇరవై కిలోలు. ముల్లు నిటారుగా ఉంది. రెండు తట్టల్లోంచి ఐదేసి కిలోలు తీస్తే ముల్లు కదలదు. మూడు సంచులు పదిహేను కిలోలు. ఒక సంచి కావాలంటే మూడు కిలోలు తీసేస్తామా, మూడు భాగాలు చేస్తామా? ఆ ప్రశ్న పలక మీద అడగండి. జవాబు రాశాక సరిచూసుకోవడం కూడా అలవాటు చేయాలి. పన్నెండు పెట్టి చూస్తే మూడు పన్నెండ్లు ముప్పై ఆరు, ఐదు కలిపితే నలభై ఒకటి, ఇరవై కాదు. మనం తప్పని చెప్పే ముందే వాడంతట వాడే తెలుసుకుంటాడు.

దీని తర్వాత సాధన ఎలా ఇవ్వాలన్నది చాలా ముఖ్యం, ఇక్కడ కొంచెం ఆగుతాను. మన అలవాటు, ఒక లెక్క బోర్డు మీద చేసి, అభ్యాసంలోని పది లెక్కలు చేయమనడం. ఆ ఒక్క అడుగు కొత్తగా నేర్చుకునేవాడికి గోతి మీంచి దూకడం లాంటిది. ఎందుకో తెలియాలంటే మెదడులో ఒక ఇరుకు గది సంగతి చెప్పాలి.

1956లో జార్జ్ మిల్లర్ అనే శాస్త్రవేత్త మనిషి ఒక్కసారికి ఏడు విషయాలు, రెండు అటో ఇటో, మనసులో పట్టుకోగలడని రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి, అసలు సంఖ్య నాలుగు దగ్గర ఉంటుందన్నాడు. దీన్ని పని జ్ఞాపకం అంటాం. కొత్తదంతా ఈ ఇరుకు గది గుండానే లోపలికి పోవాలి. మరి మనం పెద్ద పెద్ద విషయాలు ఎలా పట్టుకుంటున్నాం? ఈ అంకెలు చూడండి, 194719531970. పన్నెండు అంకెలు. తెలియనివాడికి మోయలేని బరువు. మీరు 1947 అనగానే స్వాతంత్ర్యం, 1953 అనగానే ఆంధ్ర రాష్ట్రం, 1970 అనగానే ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడటం గుర్తొచ్చి మూడు ముక్కలుగా పట్టేసుకున్నారు. అంటే ముందు తెలిసినదే గదిని పెద్దది చేస్తుంది. ఎక్కాలు రాని పిల్లవాడికి ఏడెనిమిదులు ఎంతో వెతుక్కోవడంలోనే గది నిండిపోతుంది, సమీకరణానికి చోటు మిగలదు. ఎక్కాలు, సంధులు, మూలకాల సంకేతాలు నోటికి రావాలనడం పాతకాలపు చాదస్తం కాదు. అర్థమయ్యాక నోటికి రావాలి, అంతే.

కాబట్టి సమీకరణాల సాధన ఇలా పెట్టండి. మొదటి లెక్క, 3ఎక్స్ + 5 = 20, అన్ని మెట్లూ మీరే రాయండి, అదీ మాట్లాడకుండా. రాయడం అయ్యాక ఒక్కో మెట్టు చూపించి "ఇక్కడ ఏం చేశాను, ఎందుకు?" అని అడగండి. రెండో లెక్క, 4ఎక్స్ + 7 = 31, చివరి మెట్టు మాత్రం ఖాళీ. మూడోది, 2ఎక్స్ + 9 = 23, చివరి రెండు మెట్లు ఖాళీ. నాలుగోది, 5ఎక్స్ − 4 = 41, మొత్తం వాళ్లదే. ఇక్కడ గుర్తు మారింది చూడండి, కావాలనే. మూస పట్టుకుపోయేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు, అప్పుడు వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. చేసి చూపిన లెక్కలతో నేర్పడం కొత్తవాళ్లకు మేలని జాన్ స్వెలర్ బృందం 1980ల్లోనే బీజగణితం మీద చూపించింది. పద్ధతి పట్టుబడ్డ పిల్లలకు మాత్రం ఈ మెట్లు అడ్డం. వాళ్లకు నేరుగా నాలుగోది ఇచ్చేయండి.

ఇరుకు గదిని మనకు తెలియకుండానే నింపేసే పనులు రెండు. పిల్లలు బోర్డు మీదది ఎక్కించుకుంటుంటే మనం వివరిస్తూ పోవడం ఒకటి. చదవడం, వినడం రెండూ భాషతోనే పని, రెండూ ఒకేసారి జరగవు. వాళ్లు రాసుకుంటారు, మన మాట గాలికి పోతుంది. రాసేటప్పుడు మౌనం, చెప్పేటప్పుడు పెన్నులు కింద. బొమ్మ ఒకచోట వేసి ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెట్టి, వాటి పేర్లు బోర్డు చివర రాయడం రెండోది. గుండె బొమ్మ వేస్తే కర్ణిక పేరు కర్ణిక మీదే ఉండాలి. పిల్లవాడి కళ్లు అటూ ఇటూ తిరిగే ప్రతిసారీ పట్టుకున్నది జారిపోతుంది. ఇంకో చిన్న సంగతి. "పుస్తకం తీసి, నలభై మూడో పేజీలో మూడో లెక్క రఫ్‌లో చేసి, జవాబు పక్కవాడితో సరిచూసి, ఫెయిర్‌లో ఎక్కించండి" అంటే సగం మంది మధ్యలో ఆగి "ఏం చేయాలి మేడం?" అంటారు. వాళ్లు వినకపోవడం కాదు, ఇన్ని పనులు ఒక్కసారి పెట్టాం. బోర్డు మూల రాసి పెట్టండి.

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగాలి? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు క్లాసుల టేపులు విని కొలిచింది. ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, మామూలుగా నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లు వినడానికి చిన్నది, క్లాసు ముందు నిలబడినప్పుడు యుగం. మనసులో "ఒకటీ వెయ్యి, రెండూ వెయ్యి, మూడూ వెయ్యి" అనుకోండి. పేరు ముందు పిలవకండి. "సుబ్బారావూ, కిరణజన్య సంయోగక్రియకు ఏం కావాలి?" అంటే సుబ్బారావు పేరు వినగానే మిగతా ముప్పై తొమ్మిది మంది ఊపిరి పీల్చుకుని ఆలోచించడం మానేస్తారు. ప్రశ్న ముందు, మౌనం తర్వాత, పేరు చివర్న.

పిల్లలకు తెలిసినదాంతో మొదలుపెట్టమని అందరూ చెబుతారు. ఎంతవరకు అన్నది చెప్పరు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు పిల్లలకు రొయ్యల చెరువులు తెలుసు. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రి, ముఖ్యంగా తెల్లవారుజామున ఎందుకు తిప్పుతారని అడగండి. పగలు నీటిలోని నాచు, కంటికి కనపడని పచ్చటి జీవులు వెలుతురులో ఆక్సిజన్ వదులుతాయి. చీకటి పడ్డాక ఆ పని ఆగిపోతుంది, కానీ రొయ్యలు, నాచు, అడుగునున్న బ్యాక్టీరియా అన్నీ శ్వాసిస్తూనే ఉంటాయి. అందుకే తెల్లారేముందు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ చేస్తాయి" అనే తప్పు అభిప్రాయం చాలామంది పిల్లల్లో ఉంటుంది. ఈ చెరువు ఉదాహరణ దాన్ని సరిగ్గా పట్టుకుంటుంది. పలక ప్రశ్న వేయండి: మధ్యాహ్నం పన్నెండు గంటలకు నాచు శ్వాసిస్తుందా, లేదా? "లేదు" అని ఎన్ని పలకలు లేస్తాయో చూడండి. కానీ సంభాషణ రొయ్యల ధర మీదికి, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) మీదికి పోనివ్వొద్దు. పిల్లవాడు దేని గురించి ఆలోచించాడో అదే వాడికి మిగులుతుంది. థర్మోకోలు అగ్నిపర్వతం చేయిస్తే వాడు రెండు గంటలు రంగు గురించి, జిగురు గురించి ఆలోచించాడు, శిలాద్రవం గురించి రెండు నిమిషాలు. అందంగా ఉన్న టీఎల్‌ఎం (బోధన సామగ్రి) అంతా మంచి టీఎల్‌ఎం కాదు.

మరుపు సంగతికి వద్దాం. 1885లో ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల జాబితాలు తానే బట్టీపట్టి, కొంత సమయం తర్వాత మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ ఆదా అవుతుందో కొలిచాడు. ఇరవై నిమిషాలకు 58 శాతం ఆదా, గంటకు 44, ఒక రోజుకు 34 దగ్గర, నెలకు 21. మన పాఠాలకు అర్థం ఉంటుంది కాబట్టి ఇంత వేగంగా పోవు. కానీ గీత ఆకారం అదే, మొదట జారుడుబల్ల, తర్వాత నెమ్మది. కాబట్టి మొదటి పునశ్చరణ మరుసటి రోజే ఉండాలి, అందుకే నిన్నటి ప్రశ్న. తర్వాత ఎడం పెంచుకుంటూ పోవాలి, అందుకే వారం ప్రశ్న, నెల ప్రశ్న. పరీక్ష వారంలో ఉంటే ఒకటి రెండు రోజుల ఎడం మంచిది, ఏడాదిపాటు గుర్తుండాలంటే నెలకు అటూ ఇటూగా ఎడం ఇవ్వాలని సెపెడా బృందం 2008లో చేసిన పెద్ద ప్రయోగం చూపింది. ఫిబ్రవరిలో సిలబస్ ముగించి మార్చి అంతా రివిజన్ చేయించడం కంటే జూలై నుంచే రోజుకు రెండు పాత ప్రశ్నలు వేయడం మేలు.

హోంవర్కు కూడా కలగలిపి ఇవ్వండి. వృత్తం వైశాల్యం చెప్పిన రోజు ఎనిమిది లెక్కలూ వైశాల్యం మీదే ఇస్తే పిల్లవాడు ప్రశ్న చదవకుండానే పై ఆర్ స్క్వేర్ రాసేస్తాడు. ఏ సూత్రం వాడాలో ఎంచుకోవడం అనే కష్టమైన పని మనమే చేసిపెట్టాం. నాలుగు వైశాల్యం, రెండు చుట్టుకొలత, రెండు పాత అధ్యాయం ఇవ్వండి. వరుస కూడా కలిపేయండి. రోరర్, టేలర్ 2007లో ఘనపరిమాణాల లెక్కలతో దీన్ని పరీక్షించారు. ఒకేరకం వరుసగా చేసినవాళ్లు సాధనలో 89 శాతం తెచ్చుకున్నారు, కలిపి చేసినవాళ్లు 60. వారం తర్వాత పరీక్షలో ఒకేరకం చేసినవాళ్లకు 20, కలిపి చేసినవాళ్లకు 63. సాధనలో మార్కులు తగ్గుతాయి కాబట్టి మొదట్లో పిల్లలు గొణుగుతారు, తల్లిదండ్రులు "నోటుబుక్కులో ఇన్ని ఇంటూలా?" అంటారు. పేరెంట్స్ మీటింగులో ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు ఆ పనికిరాని సరుకు. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారని పిల్లల్ని మూడు జాతులుగా విడదీసి చెప్పే శిక్షణ మానేయండి. పాష్లర్ బృందం 2008లో ఆధారాలన్నీ వెతికి, ఆ విభజన ప్రకారం చెబితే మేలు జరుగుతుందనడానికి సరైన రుజువు లేదని తేల్చింది. బొమ్మ అవసరమైన పాఠానికి అందరికీ బొమ్మ కావాలి. ఎడమ మెదడు పిల్లలు, కుడి మెదడు పిల్లలు అనేదీ అంతే. మనం మెదడులో పది శాతమే వాడతామనేది శుద్ధ అబద్ధం. ఒంటి బరువులో రెండు శాతమున్న మెదడు మన శక్తిలో ఇరవై శాతం ఖర్చు చేస్తుంది, పనిలేని భాగానికి ఒళ్లు అంత తిండి పెట్టదు. కళ్లకు గంతలు కట్టి రంగులు చెప్పించే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ క్లాసులకు మన ఊళ్లలో వేలకు వేలు కడుతున్నారు. ముక్కు పక్కన గంత కింద సందు ఉంటుంది, పిల్లలు అందులోంచి చూస్తారు. పిల్లలకు అబద్ధం ఆడటం నేర్పడం తప్ప అందులో ఏమీ లేదు. మిమ్మల్ని సలహా అడిగే తల్లిదండ్రులకు ఈ మాట గట్టిగా చెప్పండి. పిల్లల శ్రద్ధ పది నిమిషాలే అనే లెక్కకు కూడా గట్టి ఆధారం లేదు. శ్రద్ధ నిమిషాల్ని బట్టి కాదు, చేతిలో పని ఉందా లేదా అన్నదాన్ని బట్టి పోతుంది.

భయం, నిద్ర గురించి రెండు మాటలు. తిట్టు పడుతుందేమోననే దిగులు కూడా ఆ ఇరుకు గదిలోనే కూర్చుంటుంది. నాలుగు చోట్లలో రెండు అదే తింటే లెక్కకు రెండే మిగులుతాయి. నిద్ర ఇంకా పెద్ద విషయం. పగలు నేర్చుకున్నది రాత్రి నిద్రలో కుదురుకుంటుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. రాత్రి పదకొండు దాకా స్టడీ అవరు, పొద్దున నాలుగింటికి లేపడం అంటే ఐదు గంటలు. పదో తరగతి పిల్లలకు మనం ఇది ప్రేమతోనే చేస్తున్నాం, నాకు తెలుసు. అయినా అది నేర్పింది తుడిచేయడమే. హాస్టల్ వార్డెన్లతో కూర్చుని ఈ ఒక్క వేళ మార్పించగలిగితే, ఆ పిల్లలకు ఇంకో గైడు కొనిచ్చిన దానికంటే ఎక్కువ చేసినట్టు.

మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్ పడేవాళ్లు ఉపన్యాసం పెట్టుకోవద్దు. అన్నం, గుడ్డు తిని, పైన రేకులు కాలుతుంటే ఎవరికైనా రెప్పలు వాలతాయి. ఆ పీరియడ్‌లో గది నాలుగు మూలలకు ఏ, బీ, సీ, డీ అని కాగితాలు అంటించి, ప్రశ్న వేసి, ముందు పలక మీద అక్షరం రాయించి, తర్వాత ఆ మూలకు నడిపించండి. ముందు రాయించకపోతే అందరూ క్లాస్ ఫస్టు పిల్ల వెనకే నడుస్తారు.

చివరి నాలుగు నిమిషాలు. రఫ్ నోటు కాగితం నాలుగో వంతు చించి, పుస్తకం మూసి, ఈరోజు పాఠంలోంచి ఒకే ఒక ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు రాయించండి. గుమ్మం దగ్గర నిలబడి తీసుకోండి. స్టాఫ్‌రూములో దిద్దొద్దు, మూడు దొంతరలుగా వేయండి చాలు, వచ్చినవి, సగం వచ్చినవి, రానివి. నలభై చీటీలకు ఆరేడు నిమిషాలు. రాని దొంతరలో ఐదారు చీటీలుంటే ఆ పిల్లల్ని మర్నాడు సాధన వేళ పక్కకు పిలిచి కూర్చోబెట్టుకోండి. పదిహేను దాటితే రేపటి లెసన్ ప్లాన్ మార్చాలి. సగం వచ్చిన దొంతరలోంచి ఒక చీటీ తీసి, పేరు చెప్పకుండా, ఆ రెండు వాక్యాలూ మర్నాడు బోర్డు మీద ఉన్నదున్నట్టు రాయండి. "ఇందులో ఏది సరిగ్గా ఉంది, ఏం తక్కువైంది?" రేపటి మొదటి పలక ప్రశ్న అదే.